రెండు వందల దగ్గర పికప్ ఎవరిది?

కారు పికప్ గురించి మాట వస్తే మనవాళ్లు ముందు అడిగేది సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అని. కంపెనీలు కూడా ఆ అంకెనే పెద్దక్షరాల్లో అచ్చు వేస్తాయి. ఆ అంకె ఎన్ని సంగతులు దాస్తుందో చూడాలంటే ఇరవై ఏళ్ల కిందటి రెండు జర్మన్ సెడాన్లను పక్కపక్కన నిలబెట్టాలి. ఒకటి 2003 ప్రాంతంలో రోడ్డెక్కిన మెర్సిడెస్ ఈ55 ఏఎంజీ. దాని 5.4 లీటర్ల వీ8 ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ తోడు. 476 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదు గేర్ల ఆటోమేటిక్. రెండోది 2005లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5. ఐదు లీటర్ల వీ10 ఇంజిన్, సూపర్‌చార్జరూ లేదు, టర్బో లేదు. 507 హార్స్‌పవర్ ఉన్నా టార్క్ మాత్రం 520, గేర్లు ఏడు. రెండిటికీ ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది, రెండూ బరువులో ఇంచుమించు సాటి. వందకు చేరడానికి రెండు కంపెనీలూ చెప్పిన సమయం ఒక్కటే: 4.7 సెకన్లు. మరి టార్క్‌లో ఉన్న 180 న్యూటన్ మీటర్ల తేడా ఎటు పోయింది? అదీ కాక, వేగం రెండు వందలకు దగ్గరపడేసరికి ఎక్కువ బలంతో నెట్టేది 700 ఉన్న కారు కాదు, 520 ఉన్న కారు. ఈ ముడి విప్పితే కార్లవాళ్ల మధ్య చలామణిలో ఉన్న రెండు నమ్మకాలు ఒకేసారి కదులుతాయి. ఎక్కువ టార్క్ ఉన్నదే గట్టిగా లాగుతుందన్నది ఒకటి. వెనక ఇరుసులో క్రౌన్-పినియన్ అనే గేర్ల జత మార్చి గేరింగు బిగిస్తే, అంటే నిష్పత్తి పెంచితే, కారు అన్ని వేగాల్లోనూ చురుగ్గా మారుతుందన్నది రెండోది.

చేతులతో కదలని బండరాయిని పలుగు వేసి కదుపుతాం. బలం పెరుగుతుంది, నిజమే. కానీ మన చేయి మూరెడు దిగితే రాయి బెత్తెడు జరుగుతుంది. గేరు కూడా పలుగే, కాకపోతే గుండ్రంగా తిరిగే పలుగు. ఇంజిన్ టార్కును ఎన్ని రెట్లు చేస్తుందో, చక్రం తిరిగే వేగాన్ని అన్ని వంతులు తగ్గిస్తుంది. తిరుమల ఘాట్ ఎక్కే బస్సు రొద పెడుతూ నెమ్మదిగా పోవడం అందుకే. ఒకటి పెరిగి రెండోది తగ్గినా ఆ రెండింటి లబ్ధం మాత్రం అలాగే ఉంటుంది. ఆ లబ్ధాన్నే శక్తి అంటాం, దాన్నే హార్స్‌పవర్‌లో కొలుస్తాం. ఏ గేరూ దాన్ని పెంచలేదు, రాపిడి వల్ల కాస్త తినగలదు అంతే. దీన్నుంచి చాలామంది గమనించని ఒక సౌకర్యం పుడుతుంది. ఫలానా వేగంలో చక్రాలు రోడ్డును ఎంత బలంతో నెడుతున్నాయో తెలుసుకోవడానికి గేర్ల చిట్టా అక్కర్లేదు. ఆ క్షణాన ఇంజిన్ ఇస్తున్న శక్తిని కారు వేగంతో భాగిస్తే సరిపోతుంది. అదే శక్తి, వేగం రెట్టింపు, కాబట్టి నెట్టే బలం సగం. ఎంతటి కారైనా యాభై దగ్గర ఉన్నంత దూకుడు నూట యాభై దగ్గర చూపించలేకపోవడానికి గాలి కంటే ముందు కారణం ఈ భాగహారమే.

ఇప్పుడు ఆ రెండు కార్లకూ లెక్క కట్టి చూద్దాం. ఎం5 నాలుగో గేరు నిష్పత్తి 1.392, ఇరుసులోది 3.62. రెండూ గుణిస్తే 5.04. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఐదు చుట్లకు కాస్త పైన తిరగాలి. మెర్సిడెస్ మూడో గేరు 1.41, ఇరుసు 2.65; లబ్ధం 3.74. టైర్ల చుట్టుకొలత కూడా కలుపుకుంటే ఒక ముచ్చటైన కాకతాళీయం బయటపడుతుంది. గంటకు సుమారు 194 కిలోమీటర్ల దగ్గర రెండు ఇంజిన్లూ తమ తమ గరిష్ఠ శక్తి దగ్గరే ఉంటాయి. బీఎండబ్ల్యూ ఇంజిన్ 7,750 ఆర్‌పీఎంలో, మెర్సిడెస్‌ది 6,100లో. ఆ స్థితిలో బీఎండబ్ల్యూ ఇంజిన్ ఇచ్చే టార్క్ దాదాపు 460 న్యూటన్ మీటర్లు, మెర్సిడెస్ ఇచ్చేది 548. ఇంజిన్ దగ్గర చూస్తే మెర్సిడెస్‌దే పైచేయి. కానీ చక్రం దగ్గరికి వచ్చేసరికి 460ని 5.04 రెట్లు చేస్తే 2,318 అవుతుంది, 548ని 3.74 రెట్లు చేస్తే 2,050 దాటదు. టైరు వ్యాసం తేడా సర్దాక, దారిలో రాపిడికి పోయేది రెండిటికీ వదిలేస్తే, బీఎండబ్ల్యూ నెట్టే బలం 6,900 న్యూటన్ల పైన, మెర్సిడెస్‌ది 6,500 దగ్గర. నూటికి ఆరున్నర తేడా. 507కూ 476కూ మధ్య తేడా కూడా సరిగ్గా అంతే. టార్క్ అంకెలు చెప్పని సంగతిని హార్స్‌పవర్ అంకెలు ముందే చెప్పాయన్న మాట. ఎం5కు అంత బిగువైన గేరింగు ఎలా సాధ్యమైందంటే ఆ ఇంజిన్ 8,250 ఆర్‌పీఎం దాకా తిరగగలదు కాబట్టి. వేగంగా తిరిగే ఇంజిన్‌కే పెద్ద నిష్పత్తి పెట్టగలం; నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌కు అదే పెడితే రెండు వందలు చేరకముందే తిరుగుడు హద్దు దాటిపోతుంది.

'చక్రాన్ని తిప్పేది టార్కే కదా, శక్తి అనేది కాగితం మీద లెక్క కదా' అని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సగం నిజం ఉన్న అభ్యంతరం కాబట్టే దీనికి ఆయుష్షు ఎక్కువ. చక్రాన్ని తిప్పేది టార్కే, సందేహం లేదు. అయితే అది చక్రం దగ్గరి టార్క్, బ్రోషర్లో అచ్చైన ఇంజిన్ టార్క్ కాదు. మధ్యలో గేరుపెట్టె, ఇరుసు చేసిన గుణకారం చెప్పకుండా ఇంజిన్ టార్క్ ఒక్కటే చెప్పడమంటే, పలుగు పొడవు చెప్పకుండా మనిషి బలం చెప్పడమే. ఒకే గేరులో ఉండి యాక్సిలరేటర్ తొక్కితే గట్టిగా వీపుకు తగిలేది టార్క్ శిఖరం దగ్గరే; ఆ అనుభవం అబద్ధం కాదు. కానీ అదే వేగంలో ఒక గేరు దించి ఇంజిన్‌ను శక్తి శిఖరానికి తెస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. పందెం పెట్టుకున్న ఏ డ్రైవరైనా గేరు దించి తొక్కేది ఈ లెక్క వంటబట్టే, పుస్తకం చదివి కాదు.

మరి వంద లోపు ఈ తేడా ఎందుకు కనిపించలేదు? అక్కడ హద్దు ఇంజిన్ కాదు, టైరు. ఇంత శక్తి ఉన్న కారు మొదటి గేరులో చక్రాల దగ్గర పుట్టించే బలాన్ని రెండు వెనక టైర్లు రోడ్డుకు పూర్తిగా అందించలేవు, మిగిలింది పొగ. ఎలక్ట్రానిక్స్ కలగజేసుకుని ఇంజిన్ గొంతు నొక్కుతుంది. గేరింగు ఎంత బిగించినా రబ్బరు పట్టు పెరగదు కదా. పైగా కింది గేర్లలో ఇంజిన్ తన సొంత ఫ్లైవీలునూ క్రాంకునూ తిప్పుకోవడానికే చెప్పుకోదగ్గ శక్తి ఖర్చు పెడుతుంది, నిష్పత్తి పెరిగే కొద్దీ ఆ ఖర్చు వర్గంలో పెరుగుతుంది. అందుకే 0-100 పోటీ చాలావరకు టైర్ల పోటీ, బయలుదేరే నైపుణ్యం పోటీ. నూట ఇరవై, నూట ముప్పై దాటాక టైరుకు తీరిక దొరుకుతుంది. అక్కడి నుంచి శక్తిదీ గేర్లదీ రాజ్యం. వేగం పెరిగే కొద్దీ గాలి కూడా వాటా అడుగుతుంది. మామూలు సెడాన్ ఆకారానికి లెక్క వేస్తే గాలిని చీల్చడానికే రెండు వందల దగ్గర దాదాపు 90 హార్స్‌పవర్, 250 దగ్గర దాదాపు 180 కావాలి. వేగం నాలుగో వంతు పెరిగితే ఖర్చు రెట్టింపు.

శక్తే అంతా అయితే గేర్లకు పనేమిటి? ఉంది, చాలా ఉంది. బ్రోషర్లో అచ్చైన 507 హార్స్‌పవర్ ఒకే ఒక్క ఆర్‌పీఎం దగ్గరి మాట. గేరు మార్చిన ప్రతిసారీ ఇంజిన్ ఆ శిఖరం నుంచి కిందికి జారి మళ్లీ ఎక్కాలి. ఎంత లోతుకు జారుతుందన్నది రెండు గేర్ల మధ్య ఎడాన్ని బట్టి ఉంటుంది. ఎం5లో నాలుగు నుంచి ఐదుకు మారితే 8,250 నుంచి సుమారు 6,870కి పడుతుంది. అక్కడ కూడా ఇంజిన్ 450 హార్స్‌పవర్ పైనే ఇస్తుంది. అదే ఇంజిన్‌కు మెర్సిడెస్ ఐదు గేర్ల పెట్టె తగిలించారనుకోండి. మూడు నుంచి నాలుగుకు మారినప్పుడు 5,850కి పడిపోతుంది, అక్కడ చేతికొచ్చేది సుమారు 430. ఆ మార్పు తర్వాత నూటికి పదిహేను పోగొట్టుకుని మొదలుపెట్టాల్సి వస్తుంది. మెర్సిడెస్‌కు ఆ బాధ ఎందుకు లేదు? సూపర్‌చార్జర్ పుణ్యమా అని దాని 700 న్యూటన్ మీటర్లూ 2,650 నుంచి 4,500 ఆర్‌పీఎం దాకా చెక్కుచెదరవు. మూడు నుంచి నాలుగుకు మారి 4,450 దగ్గర పడ్డా అక్కడ దాదాపు 445 హార్స్‌పవర్ ఇస్తూనే ఉంటుంది. అందుకే ఐదు గేర్లతో సంసారం నెట్టుకొచ్చింది. టార్క్ అభిమానులు కాపాడుకోవాల్సిన నిజం ఇదే: వెడల్పాటి టార్క్ ఉన్న ఇంజిన్ గేరుపెట్టె లోపాలను క్షమిస్తుంది. అది శిఖరాన్ని పెంచదు, శిఖరం చుట్టూ పీఠభూమిని పరుస్తుంది. రెండు వందల నుంచి 250 దాకా మెర్సిడెస్ నాలుగో గేరులోనే నడుస్తుంటే, బీఎండబ్ల్యూ 206 దగ్గర ఒకసారి, 248 దగ్గర ఇంకోసారి గేరు మార్చుకోవాలి. ఆ మార్పులు 65 మిల్లీసెకన్లలో ముగుస్తాయని బీఎండబ్ల్యూ చెప్పుకుంది కనక నష్టం తక్కువ. చేత్తో మార్చే గేర్లయితే ఒక్కోదానికి అర సెకను పోయేది. ఆ వేగంలో ఆ అర సెకను గాలి ఊరుకోదు, కారును వెనక్కి లాగుతుంది.

ఇక రెండో నమ్మకం సంగతి. ఇరుసులో క్రౌన్-పినియన్ మార్చడం పికప్ మోజున్నవాళ్ల పాత వైద్యం. దీన్ని పరీక్షించడానికి 1998-2003 మధ్య తయారైన అంతకుముందు తరం ఎం5 చక్కటి నమూనా. 400 హార్స్‌పవర్ వీ8, చేత్తో మార్చే ఆరు గేర్లు, ఇరుసు నిష్పత్తి 3.15, ఇంజిన్ హద్దు 7,000 ఆర్‌పీఎం. ఉన్నది ఉన్నట్టుగా ఆ కారు రెండో గేరులో సుమారు 105, మూడులో 160, నాలుగులో 217 దాకా పోతుంది. 3.15 తీసి 3.45 పెడితే ప్రతి గేరులోనూ నెట్టే బలం తొమ్మిదిన్నర శాతం పెరుగుతుంది. ఇంతవరకూ అందరూ చెబుతారు. చెప్పనిది, ప్రతి గేరూ అంత మేరకు ముందే అయిపోతుందని. రెండో గేరు 96 దగ్గర, మూడోది 146 దగ్గర, నాలుగోది 198 దగ్గర ముగుస్తాయి. ఇప్పుడు రోడ్డును వేగాల ముక్కలుగా కోసి చూడండి. 105 నుంచి 146 దాకా రెండు కార్లూ మూడో గేరులోనే, మార్చిన కారుదే పైచేయి. 146 నుంచి 160 దాకా మార్పు చేయని కారు ఇంకా మూడులో ఉంటే మార్చినది అప్పటికే నాలుగులోకి వెళ్లింది; మొత్తం నిష్పత్తి 5.26కు ఎదురుగా 4.24, అంటే పందొమ్మిది శాతం తక్కువ. తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్ టార్క్ కాస్త మెరుగు కనక నష్టంలో కొంత పూడుతుంది, అంతా పూడదు. 160 నుంచి మళ్లీ లాభం. అదీ నిండుగా కాదు. ఈ ఇంజిన్ శక్తి శిఖరం 6,600 దగ్గర, అది దాటాక ఇంకా తిప్పడం వల్ల వచ్చేదేమీ లేదు, కాబట్టి 190 దాటేసరికి లాభం ఆవిరి. 198 నుంచి 217 దాకా మళ్లీ నష్టం. కూడికలు తీసివేతలు అయ్యాక మిగిలేది చాలా సన్నం. పైగా వైద్యం వికటించే చోటు ఒకటుంది. మార్పు చేయని కారు వందను రెండో గేరులోనూ రెండు వందలను నాలుగో గేరులోనూ అందుకుంటుంది. మార్చిన కారు 96 దగ్గరా 198 దగ్గరా ఆగి ఇంకో గేరు వేయాలి. చివరి నాలుగు కిలోమీటర్లకు ఒక గేరు, చివరి రెండు కిలోమీటర్లకు ఇంకో గేరు. బీఎండబ్ల్యూ ఇంజినీర్లు 3.15 దగ్గర ఆగడం వెనక ఏముందో ఊహించడం కష్టం కాదు.

'మార్చాక కారు నిజంగానే చురుగ్గా ఉంటుంది, నడిపిన ప్రతివాడూ అదే అంటాడు' అనేవాళ్లు అబద్ధం ఆడటం లేదు. వాళ్లు కొలుస్తున్నది వేరు. గేరు మార్చకుండా, ఉన్న గేరులోనే తొక్కితే కారు ఎలా లేస్తుందన్నది వాళ్ల కొలత. జర్మన్ కార్ల పత్రికలు 0-100 పక్కనే ఫలానా గేరులో 80 నుంచి 120కి ఎంత పట్టిందో విడిగా అచ్చు వేసేది ఈ తేడా తెలిసే. అక్కడ బిగువు గేరింగు ప్రతిసారీ గెలుస్తుంది. ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120 హద్దు పెట్టిన మన దేశంలో, హైదరాబాద్ ఔటర్ మీద లారీని దాటేయడానికి పనికొచ్చే అంకె కూడా అదే, 198 దగ్గర గేరు మార్చే గొడవ కాదు. కాకపోతే ఆ సుఖాన్ని ఒక గేరు దించి ఉచితంగా పొందొచ్చు. క్రౌన్ మార్చి పొందితే రోజంతా పెట్రోలు రూపంలో కట్టాలి. పాత ఎం5 ఆరో గేరులో వంద దగ్గర 2,200 ఆర్‌పీఎం లోపే తిరుగుతుంది, 3.45తో 2,400 అవుతుంది.

ఇరుసు అంకెను విడిగా చూసి కారును తూచే అలవాటుకు మందు అమెరికాలో ఉంది. 2015 మోడల్ డాడ్జ్ చార్జర్ హెల్‌క్యాట్‌కు 707 హార్స్‌పవర్, ఇరుసు నిష్పత్తి 2.62. మెర్సిడెస్ కంటే కూడా కాస్త వదులు. పాత లెక్కన చూసేవాళ్లు ఇది సుఖప్రయాణాల బండి అనుకోవాలి. కానీ ఎనిమిది గేర్ల పెట్టెలో మొదటి గేరు 4.71, గుణిస్తే 12.3. మెర్సిడెస్ మొదటి గేరు లబ్ధం 9.5 మాత్రమే. ఇరుసులో వదిలింది గేరుపెట్టెలో తిరిగి పట్టారు. ఎనిమిది గేర్లుంటే ఒక కొసన బిగువూ ఇంకో కొసన వదులూ రెండూ దొరుకుతాయి, మధ్యలో ఎడాలు కూడా చిన్నవవుతాయి. అలాగని గేర్లు పెరిగిన కొద్దీ పికప్ పెరుగుతూ పోదు. ఇంజిన్ ఎప్పుడూ శిఖరానికి నూటికి తొంభై అయిదు దగ్గర ఉంటుంటే ఇంకో రెండు గేర్లు పెట్టి తెచ్చేది మహా అయితే మిగిలిన అయిదులో ముక్క. ఈ రోజుల్లో గేర్ల సంఖ్య పెరగడానికి అసలు కారణం పికప్ కంటే పెట్రోలు పొదుపు, పొగ నిబంధనలు.

గేర్లు మార్చే పనే లేని ఎలక్ట్రిక్ సెడాన్లు ఇవన్నీ పాత కబుర్లని తేల్చేశాయంటారు. అవి తేల్చింది అది కాదు. ఎలక్ట్రిక్ మోటారు సున్నా నుంచే నిండు టార్క్ ఇచ్చి, ఒక వేగం దాటాక ఇంచుమించు స్థిరమైన శక్తి ఇస్తుంది. పెట్రోలు ఇంజిన్‌కు ఏడు గేర్లు కష్టపడి కట్టిపెట్టే పీఠభూమి దానికి పుట్టుకతోనే ఉంది. అయితే ఆ పీఠభూమికీ అంచు ఉంది. మోటారు మరీ వేగంగా తిరిగేసరికి శక్తి తగ్గుముఖం పడుతుంది. ఒక్క నిష్పత్తితోనే గడపాలంటే పెద్ద బేరం తప్పదు: కింద బిగువు కావాలంటే పైన ఊపిరి ఆగుతుంది. ఈ బేరాన్ని పోర్షే టైకాన్ పాత పద్ధతిలో తీర్చుకుంది. వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టింది, దూకడానికి ఒకటి, పరుగుకు ఇంకొకటి. టెస్లా 2021లో మోడల్ ఎస్ ప్లాయిడ్‌తో అదే సమస్యను గేరుపెట్టెలో కాక మోటారులోనే పట్టుకుంది. వేగంగా తిరిగే రోటర్ విచ్చిపోకుండా చుట్టూ కార్బన్ తొడుగు బిగించి, నిమిషానికి 20,000 చుట్ల దాకా తిప్పింది. పీఠభూమి అంచు అంత దూరం జరిగాక రెండో గేరు అవసరం పడలేదు. ఎక్కువ తిరిగే ఇంజిన్‌కు పెద్ద నిష్పత్తి పెట్టి రెండు వందల దగ్గర గట్టిగా నెట్టించడమనే ఉపాయాన్ని వీ10తో ఎం5 వాడింది 8,250 దగ్గర. కార్బన్ తొడుగుతో ప్లాయిడ్ వాడుతున్నది 20,000 దగ్గర.